కొత్త కేబుల్ వేసినా మారుతి 800లో రేస్ పట్టేస్తోంది, ఇంకెక్కడ చూడాలి?

కాకినాడ_800:
మాది 1998 మారుతి 800, కార్బొరేటర్ బండి. నాన్నగారు కొన్నది, ఇంట్లో ఇప్పటికీ అదే వాడుతున్నాం. ఏడు నెలల కింద యాక్సిలరేటర్ పెడల్ బిగుసుకుపోతే మెకానిక్ కొత్త కేబుల్ వేశాడు, రెండు నెలలు బాగా నడిచింది, తర్వాత మళ్ళీ మెల్లగా గట్టిపడుతూ వచ్చింది. మొన్న ఆదివారం సామర్లకోట నుంచి వస్తుంటే ముందున్న బస్సు ఆగింది, నేను కాలు తీశాను, బండి మాత్రం లాగుతూనే ఉంది. క్లచ్, బ్రేక్ రెండూ తొక్కి ఆపాను కానీ ఇంజిన్ అరుస్తూనే ఉంది, వెనక సీట్లో అమ్మ, పాప. పెడల్ కిందకి బూటు ముందుభాగం దూర్చి పైకి లేపితే రేస్ దిగింది. ఆ రోజు నుంచి బండి బయటికి తీయలేదు. డబ్ల్యూడీ-40 కొడితే రెండు రోజులే పనిచేస్తోంది. మళ్ళీ కేబుల్ మార్చమంటున్నారు. మార్చేయమంటారా, వేరే ఏదైనా ఉందా?

పాతబండి_ప్రేమికుడు:
బండి తీయకపోవడమే మంచిదైంది అన్నా. మళ్ళీ ఎప్పుడైనా అలా అయితే ముందు క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి, బ్రేక్ ఒకేసారి గట్టిగా పట్టి ఉంచండి, బ్రేక్ బూస్టర్ (పెడల్ తేలిగ్గా దిగేలా సాయం చేసే డబ్బా) ఉన్న బండైతే పదే పదే వదిలి తొక్కితే అందులో వాక్యూమ్ అయిపోయి పెడల్ రాయిలా మారుతుంది. తాళం ఆఫ్ చేయొచ్చు గానీ చివరిదాకా తిప్పకండి, స్టీరింగ్ లాక్ పడుతుంది.

ఇప్పుడు ఏది పడుతోందో తేల్చాలి. ముందు ఫుట్‌మ్యాట్ తీసేసి చూడండి, అది ముడతపడి పెడల్‌ని పట్టుకోవడం చాలా బండ్లలో చూశాను. తర్వాత ఇంజిన్ ఆపి, కార్బొరేటర్ దగ్గర కేబుల్ చివర ఊడదీసి, బటర్‌ఫ్లై (ఇంజిన్‌కి గాలి వదిలే చిన్న రేకు తలుపు) తిప్పే లివర్‌ని చేత్తో తిప్పి వదలండి. టక్కున వెనక్కి రాకపోతే లోపల కార్బన్ పట్టిందో, రిటర్న్ స్ప్రింగ్ సాగిందో. అది బాగానే ఉంటే తప్పు కేబుల్‌లోనో పెడల్ పిన్ దగ్గరో ఉన్నట్టు. అలాగే డబ్ల్యూడీ-40 ఆపేయండి, అది తుప్పు వదిలిస్తుంది గానీ నిలబడే ఆయిల్ కాదు, కొన్నాళ్ళకి దుమ్ము పట్టి ఇంకా జిగురవుతుంది. కేబుల్ లోపల ప్లాస్టిక్ గొట్టం ఉన్న రకమైతే గ్రీజు కూడా పెట్టొద్దు.

ఆటోనగర్_బాబాయ్:
పైన తమ్ముడు చెప్పింది ముందు చేయండి. కానీ కొత్త కేబుల్ రెండు నెలలకే పట్టడం మొదలైందంటే నాకు అనుమానం వేరే చోట. ఇంజిన్ ఎర్త్ వైరు చూశారా? సెల్ఫ్ కొట్టినప్పుడు స్టార్టర్ వంద ఆంపియర్లకు అటూ ఇటూ లాగుతుంది, ఆ కరెంటు ఇంజిన్ నుంచి బ్యాటరీ మైనస్‌కి తిరిగి రావాలి కదా, ఎర్త్ వైరు తుప్పుపట్టి దారి ఇవ్వకపోతే అది ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఉన్న ఏ లోహాన్నైనా పట్టుకుంటుంది. అంటే యాక్సిలరేటర్ కేబుల్, చోక్ కేబుల్, క్లచ్ కేబుల్. సన్న తీగ వేడెక్కి లోపలి ప్లాస్టిక్ గొట్టం కరిగి తీగకి అతుక్కుంటుంది. మీరు ఎన్ని కేబుళ్ళు మార్చినా అంతే. విజయవాడలో ముప్పై ఏళ్ళ పనిలో ఇలాంటివి వచ్చినప్పుడల్లా కేబుల్ మీదే అందరి కన్ను, వైరు వైపు ఎవరూ చూడరు. మీది సముద్రపు గాలి ఊరు కూడాను.

పరీక్ష తేలికే. బండి న్యూట్రల్‌లో పెట్టి, ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్గులకి స్పార్క్ ఇచ్చేది) మధ్య వైరు తీసి దాని కొస బాడీకి తగిలించి ఉంచండి, బండి స్టార్ట్ అవ్వకూడదు. మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి ఇంజిన్ బ్లాక్ మీద పెట్టి ఒకరిని సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటితే ఎర్త్ పోయినట్టే. మీటర్ లేకపోతే జంపర్ కేబుల్‌తో మైనస్ నుంచి ఇంజిన్‌కి కలపండి, సెల్ఫ్ ఇంతకుముందు కన్నా చురుగ్గా తిరిగితే అర్థమైపోతుంది. పాత కేబుల్ పారేయకపోతే నిలువునా కోసి చూడండి.

కాకినాడ_800:
బాబాయ్ గారూ, చేతులెత్తి దండం. లివర్ చేత్తో వదిలితే టక్కున వచ్చింది, మ్యాట్ సమస్య కాదు. మీటర్‌లో 1.8 వోల్టులు చూపించింది! గేర్‌బాక్స్ దగ్గర ఎర్త్ వైరు విప్పితే లోపలంతా పచ్చగా శిలుం, సగం పోగులు చేతికే రాలాయి. కొత్త అల్లిక వైరు వేయించి, బోల్టు కూర్చునే చోట ఉప్పు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్దాను. ఇప్పుడు 0.2. సెల్ఫ్ కూడా ఒక్క దెబ్బకే అందుకుంటోంది, ఇన్నాళ్ళూ బ్యాటరీ ముసలిదైందనుకున్నాం. పాత కేబుల్ కోస్తే గొట్టం ఒకచోట ఉండకట్టి ఉంది. ఒకటి అడగాలి, క్లచ్ కూడా ఈ మధ్య బరువుగా ఉంటోంది, అదీ దీనివల్లేనా?

ఆటోనగర్_బాబాయ్:
అయ్యుండొచ్చు నాయనా, ఆ కేబుల్ కూడా విప్పి, రెండు కొసలూ పట్టుకుని చేత్తో లాగి చూడు, గరగరలాడితే మార్చెయ్. యాక్సిలరేటర్‌కి ఇప్పుడున్నది కూడా వేడి తిన్నదే, ఉంచకు. కొత్తది వేసేటప్పుడు ఎగ్జాస్ట్‌కి దూరంగా, ఎక్కడా మడత పడకుండా పోనివ్వు, కార్బొరేటర్ దగ్గర నట్లు బిగించేముందు కొద్దిగా వదులు ఉంచు, మరీ లాగి బిగిస్తే కాలు తీసినా రేస్ ఐడిల్‌కి దిగదు. అన్నీ అయ్యాక ఇంజిన్ ఆపి ఉంచి పెడల్ పూర్తిగా తొక్కు, అమ్మనో ఎవర్నో బానెట్ దగ్గర నిలబెట్టి బటర్‌ఫ్లై పూర్తిగా తెరుచుకుంటోందా, వదిలితే పూర్తిగా మూసుకుంటోందా చూడమను. ఆ తర్వాతే పాపని ఎక్కించు.