ఐదు పేరాల యుద్ధాదేశం ఎవరి సొత్తు?

పటాలపిచ్చి (చర్చ మొదలుపెట్టినవారు):
ఆపరేషన్ ఆర్డర్, అంటే సేనాని తన దళాలకు ఇచ్చే యుద్ధాదేశం, రోమన్ల కాలం నుంచీ ఉందని నిన్న ఒక మిత్రుడు తేల్చేశారు. ఆదేశం రోమన్లకు ముందూ ఉంది. నేను అడిగేది దాని అచ్చు, అంటే స్థిరమైన నమూనా గురించి. ఎవరు రాసినా, ఏ దళానికి రాసినా అదే వరుస, అవే అంకెలు. నా లెక్కలో అది 1897లో అమెరికాలోని ఫోర్ట్ లెవెన్‌వర్త్ సైనిక పాఠశాలలో పుట్టింది. రూపమిచ్చినవాడు కెప్టెన్ ఈబెన్ స్విఫ్ట్. ఒకటో పేరాలో శత్రువు గురించి, మనవాళ్ల గురించి తెలిసింది. రెండులో సేనాని చేయదలచింది. మూడులో ఏ దళం ఏం చేయాలో. నాలుగులో సామాను బళ్ల సంగతి. ఐదులో సేనాని ఎక్కడ దొరుకుతాడో. నేటి నాటో సైన్యాలు రాసే పరిస్థితి, లక్ష్యం, అమలు, సరఫరా, నాయకత్వం–సంకేతాలు అన్నవి దీని మనుమలే. కాదనేవారు ఆధారంతో రండి.

కృష్ణాతీరం:
స్విఫ్ట్ చేసింది గుమాస్తా పని. వంట నాటి జర్మన్ రాజ్యం ప్రష్యాలో అయింది, అమెరికాలో వడ్డించారు. లెవెన్‌వర్త్‌లో పటం పరచి, ఊహించిన యుద్ధానికి ఆదేశం రాయించే పద్ధతే జర్మన్ల దగ్గర నేర్చుకున్నది. ప్రష్యా సేనాని మోల్ట్కే 1857లో అక్కడి జనరల్ స్టాఫ్‌కు, అంటే యుద్ధ ప్రణాళికలు వేసే అధికారుల బృందానికి, అధిపతిగా వచ్చాడు. కింది అధికారి తనంతట తాను చేయలేనిది మాత్రమే ఆదేశంలో ఉండాలి, అంతకు మించి ఒక్క మాట ఉండకూడదు అని 1869 నాటి సూచనల్లో రాశాడు. మూలం అంటే అది. పేరాలకు అంకెలు వేయడం ఎవరైనా చేస్తారు.

పటాలపిచ్చి:
ఎవరైనా చేస్తారా? మరి అంతకు ముందు ఎవరూ ఎందుకు చేయలేదు?

శాసనాధికారి:
ఇద్దరూ పడమటి వైపే చూస్తున్నారు. అర్థశాస్త్రం రెండో అధికరణం, పదో అధ్యాయం, శాసనాధికారం. రాజాజ్ఞ రాతకు ఆరు గుణాలు: అర్థక్రమం, సంబంధం, పరిపూర్ణత, మాధుర్యం, ఔదార్యం, స్పష్టత్వం. అర్థక్రమం అంటే ముఖ్యమైనది ముందు రావడం. వరుస గురించే కదా మీ గొడవంతా? ఇరవై ఏళ్ల క్రితం ఒక ఇంటర్వ్యూలో ఈ మాటే అంటే అడిగిన పెద్దమనిషి నవ్వాడు. ఉద్యోగం రాలేదు. ఆ నవ్వు ఇంకా వినిపిస్తూనే ఉంది.

పటాలపిచ్చి:
నేను నవ్వడం లేదు. కానీ ఆ తాళపత్ర ప్రతి మైసూరు గ్రంథాలయానికి చేరింది 1905లో. అక్కడి గ్రంథాలయాధికారి శామశాస్త్రి గారు దాన్ని ముద్రించింది 1909లో. 1897లో స్విఫ్ట్ దాన్ని ఎక్కడ చదివాడు?

శాసనాధికారి:
చదివాడని నేను అన్నానా? ముందు చెప్పినవాడు ముందు చెప్పినవాడే.

రెండోవరుస:
ఆరు గుణాలు, ఐదు పేరాలు. లెక్క కుదరడం లేదు.

శాసనాధికారి:
ఐదే కావాలంటే రాతకు దోషాలు ఐదు చెప్పాడు. అకాంతి, వ్యాఘాతం, పునరుక్తం, అపశబ్దం, సంప్లవం. తీసుకోండి.

మాజీసిగ్నల్స్:
ఇరవై రెండేళ్లు సైన్యంలో చేశాను, హవల్దారుగా దిగాను. ఎవరు కనిపెట్టారన్నది మీరు తేల్చుకోండి. అచ్చు లేకపోతే ఏమవుతుందో ఒకటి చెబుతాను. 1854 అక్టోబరు 25, క్రిమియాలో బాలక్లావా. బ్రిటిష్ సేనాని రాగ్లాన్ ప్రభువు గుట్ట మీద ఉన్నాడు. ఎదుటి దిబ్బల మీద రష్యన్లు పట్టుకున్న ఫిరంగులను తరలించుకుపోతున్నట్టు అతనికి కనిపించింది. అశ్వదళం వేగంగా ముందుకు వెళ్లి ఆ ఫిరంగులు తీసుకుపోకుండా ఆపాలని తన సహాయక అధికారి ఎయిరీ చేత పెన్సిలుతో రాయించాడు. చివర ‘తక్షణం’ అని ఉంది. ఎక్కడ అని లేదు. కింద లోయలో ఉన్న అశ్వదళ నాయకుడు లూకన్‌కు ఆ ఫిరంగులు కనిపించవు. ఏ ఫిరంగులని అడిగితే, కాగితం తెచ్చిన కెప్టెన్ నోలన్ చెయ్యి అలా ఊపాడు. ఆ చెయ్యి చూపిన వైపు దాదాపు 670 మంది గుర్రాలు తోలారు. లోయ చివరన ఉన్నవి వేరే ఫిరంగులు. నూరుమందికి పైగా పోయారు, మొదట పోయినవాడు నోలనే. గుట్ట మీదివాడికి ‘ముందుకు’ అంటే ఒక వైపు, లోయలోవాడికి ఇంకో వైపు.

కృష్ణాతీరం:
మంచి ఉదాహరణే. కానీ అది నా వాదానికే బలం. అక్కడ చెడింది ఫారం లేక కాదు, సేనాని ఆలోచన స్పష్టంగా లేక. 1866 జులైలో ప్రష్యా ఆస్ట్రియాతో తలపడిన కోనిగ్‌గ్రాట్జ్ యుద్ధానికి ముందు రాత్రి టెలిగ్రాఫ్ పనిచేయకపోతే ప్రష్యా యువరాజుకు గుర్రపు రౌతులతో కబురు పంపారు. ఏ ఫారమూ లేదు. మర్నాడు మధ్యాహ్నానికి ఆయన సైన్యం వచ్చి ఆస్ట్రియన్ల పక్క విరిచింది. బుర్ర ఉన్నవాడికి రెండు వాక్యాలు చాలు. ఖాళీలు నింపే కాగితం బుర్ర లేనివాడికి ఊతకర్ర.

పటాలపిచ్చి:
అదీ, అసలు మాట బయటపడింది! మీకు 1897 మీద అభ్యంతరం లేదు, మామూలు మనిషి ఆదేశం రాయడం మీద ఉంది. మోల్ట్కే చుట్టూ ఏళ్ల తరబడి ఒకే బడిలో సాన పట్టిన అధికారులు ఉన్నారు. 1917లో అమెరికా యుద్ధంలోకి దిగేసరికి స్థిర సైన్యం లక్ష పైచిలుకు. ఏడాదిన్నరలో నలభై లక్షలయింది. నిన్నటి దాకా బడిపంతులు, బ్యాంకు గుమాస్తా, ఇవాళ లెఫ్టినెంటు. అతనికి రెండు వాక్యాల ప్రతిభ ఎక్కడి నుంచి వస్తుంది? ఐదు పేరాలు వరుసగా రాస్తే కనీసం ఏది మరిచిపోయాడో కనిపిస్తుంది. ఊతకర్ర అని వెక్కిరించేవాళ్లు కాలు విరగనివాళ్లు.

కృష్ణాతీరం:
వ్యక్తిగత విమర్శ వద్దు.

రెండోవరుస:
మొదలుపెట్టింది మీరే కదండీ, గుమాస్తా పని అంటూ.

నీలిసిరా:
నేను రెవెన్యూలో ముప్పై ఏళ్లు గుమాస్తాగానే చేశాను. ఆ మాటకు నాకు కోపం రాలేదు. కానీ ఫారం ఉంటే తప్పు జరగదనేది భ్రమ. ఫారం నిండుగా ఉన్న ఫైళ్లలోనే పెద్ద తప్పులు చూశాను.

మాజీసిగ్నల్స్:
నీలిసిరా గారి మాట నిజం. నా మీద జరిగింది చెబుతాను, పటాలం పేరు అడగవద్దు. ఎడారిలో విన్యాసాలు. నాతో ఆరుగురు, తీగ చుట్టలు మోసుకుని కంట్రోల్ గుడారానికి లైను వేయాలి. ఆదేశం నోటితో చెప్పారు. గుడారం ఉంటుందన్న పాయింటుకు మేం చేరేసరికి అక్కడ టైర్ల జాడలు తప్ప ఏమీ లేవు. స్థలం మార్చారు, మాకు చెప్పలేదు. రాత్రంతా ఇసుకలో తిరిగి తెల్లారి నాలుగింటికి దొరికించుకున్నాం. విచారణలో తప్పు నాదన్నారు. స్థలం మార్పు ముందే రాతలో ఇచ్చామని ఒక కాగితం చూపించారు. నేను దాన్ని చూడడం అదే మొదటిసారి. ప్రమోషను ఆగిపోయింది. కాబట్టి పటాలపిచ్చి గారూ, మీ అచ్చు కింది మనిషి కోసం పుట్టిందంటే నేను ఒప్పుకోను. పైవాడి వీపు కాచుకోవడానికి అది బాగా పనికొస్తుంది.

పటాలపిచ్చి:
మన్నించండి. మీ కథలో ఎగిరిపోయింది ఐదో పేరాయే, సేనాని ఎక్కడ దొరుకుతాడో చెప్పేది. స్విఫ్ట్ దానికి విడిగా చోటు పెట్టింది ఇందుకే. ఆదేశం ముందే రాతలో మీ చేతికి వచ్చి ఉంటే మీరు బయటపడేవారు.

మాజీసిగ్నల్స్:
వచ్చి ఉంటే. రాసేది వాళ్లు, ఎప్పుడు ఇవ్వాలో నిర్ణయించేది వాళ్లు, దాచేది వాళ్లు. 1897 నుంచి ఇప్పటిదాకా ఆ వరుస మాత్రం మారలేదు.

కృష్ణాతీరం:
హవల్దారు గారూ, ఊతకర్ర అన్నది మిమ్మల్ని ఉద్దేశించి కాదు. మోల్ట్కే మీద నా మాట మాత్రం వెనక్కి తీసుకోను.

శాసనాధికారి:
అకాంతి అనే దోషం కింద కౌటిల్యుడు నల్లబడిన ఆకును, ఎగుడుదిగుడు రాతను, వెలిసిన అక్షరాలను చెప్పాడు. ఆ కాగితం ఎలా ఉందో గుర్తుందా అండీ?

మాజీసిగ్నల్స్:
బాగా గుర్తుంది. ఒరిజినల్ బల్ల మీద పెట్టారు. కింద తేదీ నల్ల సిరాలో ఉంది, సమయం నీలం సిరాలో ఉంది. నకలు అడిగాను. నీ స్థాయికి ఇవ్వరు అన్నారు.

రెండోవరుస:
అందులో ఐదు పేరాలూ ఉన్నాయా?

మాజీసిగ్నల్స్:
ఉన్నాయి. అంకెలతో సహా.