మోడల్ నుంచి కోడ్ దించే టూల్ నా నెత్తిన పడింది, ఎట్టా మొదలుపెట్టేది?

కావలి తమ్ముడు, మ్యూనిక్:
అన్నలకు, అక్కలకు నమస్కారం. పోయిన నెలే ఇన్సూరెన్స్ కంపెనీలో చేరా. చెన్నైలో జావా అంతా చేత్తో రాసేవాళ్లం. ఇక్కడేమో ఎక్లిప్స్ మోడలింగ్ ఫ్రేమ్‌వర్క్ (ఈఎంఎఫ్) అంటున్నారు, అంటే డేటా ఎట్టా ఉండాలో మోడల్‌గా గీస్తే జావా కోడ్ అదే దించే టూల్. దాన్ని మా టీమ్‌కి అలవాటు చేసే పని నాకే అప్పజెప్పారు.

ఒంగోలు అన్న, స్టుట్‌గార్ట్:
భయపడబాక తమ్ముడూ. ఇదేం కొత్త వింత కాదు, సాఫ్ట్‌వేర్ ప్రమాణాలు పెట్టే ఓఎంజీ వాళ్లు 2001 నుంచీ ఎండీఏ, అంటే ముందు మోడల్, దాన్నుంచే కోడ్ అని ఊదరగొడతానే ఉండారు. మా కార్ల వైపు సిములింక్ అనే టూల్‌లో బొమ్మ గీసి సీ కోడ్ దించుకోవడం రోజువారీ పని. ఇన్సూరెన్స్‌లో మొత్తం సిస్టమ్‌ని అట్టా దించుదామంటే మాత్రం నడుము విరుగుద్ది. పాలసీ రకాలు, కవరేజీలు, వాటి స్క్రీన్లు ఒకే అచ్చులో ఉంటాయి గదా, వాటికే పెట్టు. క్లెయిముల్లో వచ్చే తిక్క కేసులు చేత్తోనే రాసుకోండి.

అసలు గొడవ ఎక్కడంటే, మోడల్ నుంచి దిగిన కోడ్‌లో చెయ్యి పెట్టడం. వెంకటగిరి మగ్గం మీద అంచులో పువ్వు తప్పుపడితే ఆ డిజైన్ చిల్లులుండే జకార్డ్ అట్ట మార్చాలి. చీర మీద సూదితో సర్దితే తర్వాత చీరకీ అదే తప్పు. ఈఎంఎఫ్‌లో మెథడ్ పైన టూల్ పెట్టే @జెనరేటెడ్ గుర్తు పక్కన నాట్ అని చేరిస్తే మళ్లీ దించినా దాని జోలికి పోదు, నిజమే. కానీ మోడల్ మారినా ఆ మెథడ్ పాతదిగానే పడుంటది, ఎవురూ చూడరు. నీ సొంత లాజిక్ వేరే సబ్‌క్లాస్‌లో పెట్టు.

నెల్లూరు అక్క, ఐండ్‌హోవెన్:
అన్న చెప్పనిది ఒకటుంది. మోడల్ దాచుకునే ఈకోర్ ఫైల్ ఎక్స్‌ఎమ్‌ఐ, అంటే ఎక్స్‌ఎమ్‌ఎల్ రకం. ఇద్దరు రెండు బ్రాంచుల్లో (వేరువేరు కాపీల్లో) మారిస్తే, కోడ్ మార్పులు కలిపే గిట్ దాన్ని వరసల లెక్కన కలుపుద్ది, ఒక్కోసారి ఫైలే తెరుచుకోదు. మోడళ్లను మోడళ్లుగానే పోల్చి కలిపే ఈఎంఎఫ్ కంపేర్ వేసుకోండి. నన్నడిగితే సొంత చిన్న భాష తయారుచేసుకునే ఎక్స్‌టెక్స్ట్ టూల్‌తో మోడల్‌నే టెక్స్ట్‌గా రాసుకోవడం మేలు, రివ్యూలో మామూలు కోడ్ మాదిరి చదవొచ్చు. బొమ్మలు మేనేజర్లకు ముచ్చట, మనకు కాదు.

ఇంకోటి. కోడ్ దించే టెంప్లేట్లు (మోడల్ నుంచి ఏ కోడ్ రావాలో చెప్పే అచ్చులు) ఎవరి చేతిలో ఉండాయో మొదటి వారమే అడుగు. అవి ఒక్కరికే తెలిస్తే ఇంకో మనిషిని నేర్చుకోడానికి ఇవ్వమను, మీటింగ్‌లోనే అడుగు. నీ ప్రొబేషన్ 6 నెలలు ఉంటదేమో, అడిగితే ఏమనుకుంటారోనని నోరు మూసుకోబాక. ఇక్కడోళ్లకు అడగనోడి మీదే అనుమానం.

కావలి తమ్ముడు:
అడిగా అక్కా. టెంప్లేట్లన్నీ ఒక్క పెద్దాయన దగ్గరే ఉండాయంట, ఆయన వచ్చే ఏడాది రిటైర్! రేపట్నుంచి ఆయన పక్క సీటు నాదే.