మా చాపెల్‌కి పైప్ ఆర్గన్ ఇస్తామంటున్నారు, ఆర్డర్ ఎట్టా ఇవ్వాల?

గుండ్లకమ్మ గట్టు:
అందరికీ వందనాలు. మాది ఒంగోలు పక్కన. అమెరికాలో సెటిలైన మా పాత స్టూడెంట్లు కొందరు కలిసి కాలేజీ చాపెల్‌కి ఆర్గన్ ఇస్తామంటున్నారు, ఎలక్ట్రానిక్‌ది కాదు, నిజం గొట్టాలదే. కమిటీలో నన్నూ వేశారు. మాకు హార్మోనియం, కీబోర్డు తప్ప ఇంకోటి తెలీదు, మా పెద్దాయనేమో అప్పుడే వచ్చే క్రిస్మస్‌కి ప్రతిష్ఠ ఆరాధన పెట్టేద్దాం అంటుండాడు. హాలు పాతది, ఎత్తుగానే ఉంటది, ఏసీ లేదు, అన్నీ ఫ్యాన్లే. బిల్డర్‌ని ఏం అడగాల?

డల్లాస్ బాబాయ్:
ముందు ఆ డేట్ ఆపించు తమ్ముడూ. బిల్డర్ వచ్చి హాలు చూసి, చప్పట్లు కొట్టి ఎట్టా మోగుతుందో విని, అప్పుడు డ్రాయింగ్ వేస్తాడు, వాళ్ళ షాపులో మొత్తం నిలబెట్టి చూసి మళ్ళీ విప్పి పంపుతారు, సంతకం పెట్టిన రోజు నుంచి ఏళ్ళు పడుతుంది. ఇక్కడ నేను పాడే యూనివర్సిటీ చాపెల్‌లో కొత్తది పెట్టేటప్పుడు చూశా, ఒకాయన కీ దగ్గర కూర్చుని ఒకటే స్వరం నొక్కుతా ఉంటాడు, ఇంకొకాయన లోపల నిచ్చెనెక్కి గొట్టం నోరు దగ్గర కొంచెం వంచి, కొంచెం గీకి, మళ్ళీ నొక్కు అంటాడు. దీన్నే వాయిసింగ్ అంటారు, వందల గొట్టాలకి అట్టాగే, వారాల తరబడి, హాల్లో చీపురు చప్పుడు కూడా ఉండకూడదు. అదయ్యాకే ప్రతిష్ఠ డేట్. ఎత్తు కూడా కొలవండి, మామూలు స్టాపులో (ఒకే రకం గొంతు ఉండే గొట్టాల వరస) అన్నిటికన్నా కింది స్వరానికే 8 అడుగుల గొట్టం, కాళ్ళతో వాయించే పెడల్‌కి 16. చాలకపోతే పైన మూత వేసిన గొట్టాలు పెడతారు, సగం పొడవుతో అదే స్వరం వస్తది గానీ గొంతు వేరు.

నెల్లూరు మొలగొలుకులు:
అంతా బానే ఉంది గానీ మన ఎండ సంగతి ఎవురూ చెప్పరేందబ్బా. వేడెక్కితే శ్రుతి పైకి పోద్ది, డిగ్రీకి సుమారు 3 సెంట్లు (సెంటంటే అర స్వరంలో నూరో వంతు). 24 డిగ్రీల్లో శ్రుతి చేసి మే నెల్లో 36లో వాయిస్తే 36 సెంట్లు తేడా, అంటే అర స్వరంలో మూడో వంతు పైనే. నాలుక ఉండే రీడ్ గొట్టాలు మాత్రం అంతగా కదలవు, అందుకని రెండూ కలిపితే అపశ్రుతి, జనం రీడ్లు చెడిపోయినాయంటారు, నిజానికి శ్రుతి మారింది మిగతా గొట్టాలది. కాబట్టి ఏ టెంపరేచర్‌లో శ్రుతి చేస్తారో ఆరాధన అదే టెంపరేచర్‌లో జరగాల. ఫ్యాన్లు ధ్వనిని కోస్తాయి, కార్పెట్ మింగేస్తది, తుపాను తేమకి చెక్క ఉబ్బుద్ది, చెదలు సరేసరి. గొట్టాలకి గాలి కొట్టే బ్లోవర్‌కి జనరేటర్ లైను లేకపోతే కరెంటు పోగానే పాట మధ్యలోనే గాలి అయిపోద్ది. పినాకిని రైలెక్కి చెన్నై పోండి, సెయింట్ ఆండ్రూస్ కర్క్ చర్చిలో 1883 నాటి ఆర్గన్ ఉండాది, అదీ సముద్రపు గాలే, ఎట్టా కాపాడుకుంటుండారో అడగండి.

ఆల్టో అక్క:
ఇచ్చేవాళ్ళతో ఏటేటా ట్యూనింగ్ ఖర్చుకి వేరే డిపాజిట్ కూడా వేయించుకోండి, ఫలకం మీద పేర్లు తర్వాత. ప్రతిష్ఠ రోజు మేం చేసింది నాకు బాగా నచ్చింది, మొదట్లో ఆర్గన్ పలకదు, పాస్టర్ గారు ప్రార్థన చేసి 150వ కీర్తన చదివాక ఒక్కో స్టాపూ విడిగా వినిపించి, అప్పుడు సంఘమంతా లేచి పాడాం. కచేరీ సాయంత్రం పెట్టుకోవచ్చు. ఇంకోటి, మన రాగాల కీర్తనల్లో గమకాలుంటాయి, ఆర్గన్‌లో స్వరం జారదు, వాటికి తబలా హార్మోనియమే ఉంచండి.

గుండ్లకమ్మ గట్టు:
థాంక్స్ అక్కా, అందరికీ. చెన్నై పోతున్నాం. క్వైర్‌లో ఇద్దరు పిల్లలు కీబోర్డు బాగా వాయిస్తారు, కాళ్ళతో పెడల్ వాయించడం నేర్పేవాళ్ళు అక్కడ ఎవరన్నా తెలిస్తే మెసేజ్ పెట్టండి.