ఎండలు ముదిరాక తెల్లారేసరికి చేపలన్నీ నీటిపైకే వస్తున్నాయి, ఎందుకు?

నాచుపిచ్చోడు (హైదరాబాద్)
నాది 25 లీటర్ల ట్యాంకు. అనూబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకొరైన్ మొక్కలు ఒత్తుగా ఉన్నాయి. 8 చిల్లీ రాస్బోరాలు (బుల్లి చేపలు), 15 దాకా చెర్రీ ష్రింపులు (చిన్న రొయ్యలు). 7 నెలలుగా ఏ గొడవా లేదు. వారం నుంచి మాత్రం పొద్దున ఐదున్నరకి చూస్తే చేపలన్నీ పైకి చేరి నోళ్లు తెరుస్తున్నాయి. లైటు వేసిన రెండు గంటలకి మళ్లీ మామూలే. ఇప్పటికి 6 ష్రింపులు పోయాయి. నీళ్లు అద్దంలా ఉన్నాయి. చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషాలు, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా. వేడి 32 డిగ్రీలు. ఇంకోటి, ఫిల్టర్‌కి గాలి కొట్టే ఎయిర్ పంపు మోతకి నిద్ర పట్టక రాత్రిళ్లు ఫిల్టర్ ఆపేస్తున్నా.

గప్పీల మావయ్య (గుంటూరు)
చివర్లో చెప్పావే, ముందు అది మానెయ్ తమ్ముడూ. మొక్కలు ఆక్సిజన్ ఇచ్చేది వెలుతురున్నప్పుడే. రాత్రి అవీ చేపలతో పాటు పీల్చుకునేవే. అందుకే తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. దానికి ఎండ తోడైంది. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు 8 మిల్లీగ్రాములకి కాస్త పైన పట్టుకుంటాయి, 32 దగ్గర 7 చిల్లరే. ఆ వేడిలో చేపకేమో ఇంకా ఎక్కువ కావాలి. పైగా ఫిల్టర్ ఆగితే లోపల ఆ విషాల్ని తినేసే బ్యాక్టీరియాకీ ఊపిరాడదు. మోత సంగతంటావా, ఎయిర్ పంపు కింద పాత హవాయి చెప్పు ముక్క కోసి పెట్టు. నేను అదే చేశా, మా ఆవిడ సణుగుడు కూడా తగ్గింది.

డెక్కన్ బెట్టా (హైదరాబాద్)
మూత తీసేసి చిన్న యూఎస్‌బీ ఫ్యాను నీటి మీదికి ఏటవాలుగా తిప్పండి. నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది. మా ఇంట్లో 32 నుంచి 29కి దిగింది. మూత లేకపోతే బెట్టా లాంటి చేపలు దూకేస్తాయి, దోమతెర ముక్క కట్టండి.

తీరంపిల్ల (కాకినాడ)
హైదరాబాద్ వాళ్లకి పొడి గాలి కాబట్టి సరిపోయింది అన్నా. మా దగ్గర గాలిలోనే సగం నీళ్లు, ఫ్యాను రోజంతా తిరిగినా ఒక్క డిగ్రీ దిగితే గొప్ప. ఒకసారి ఐసు బాటిల్ వేశా. గంటలో 4 డిగ్రీలు పడిపోయింది, మధ్యాహ్నానికి మళ్లీ ఎక్కింది. అంత చిన్న ట్యాంకులో ఆ ఎక్కీదిగుడు వేడికంటే చేటు. ఇప్పుడు ఎండాకాలం ష్రింపుల జోలికే పోను. గప్పీలు, ఒక బెట్టా, అంతే.

నాచుపిచ్చోడు
ఐదు రోజులైంది. ఫిల్టర్ ఆపట్లేదు, ఫ్యాను పెట్టా. చేపలు పైకి రావట్లేదు, చాలా థాంక్స్ మావయ్యా. కానీ రోజూ వేలెడు నీరు తగ్గుతోంది, బోరు నీళ్లతో నింపుతున్నా. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) 480 ఉండేది, ఇవాళ 610. ఇంకో ష్రింపు పెంకు సగం వదిలి అలాగే చచ్చిపోయింది.

గప్పీల మావయ్య
ఉప్పుమడి ఎలా తయారవుతుందో అచ్చం అదే మీ ట్యాంకులో జరుగుతోంది. ఆవిరయ్యేది నీరే, లవణాలన్నీ మిగిలిన నీళ్లలోనే ఉండిపోతాయి. నువ్వేమో రోజూ కొత్తగా ఇంకొన్ని పోస్తున్నావు. తగ్గిన నీటిని ఆర్వో నీళ్లతోనే నింపు. వారానికోసారి మార్చే నీళ్లు మాత్రం మామూలువే పోయి. అన్నీ ఆర్వో అయితే పెంకు కట్టడానికి ష్రింపుకి క్యాల్షియం దొరకదు.

కొత్తగా_పెంచుతున్నా
ఏసీ పైపు నుంచి కారే నీళ్లు పోయొచ్చా? అవీ ఉప్పులేనివే కదా.

డెక్కన్ బెట్టా
వద్దండీ. అవి లోపలి కాయిల్ మీద నుంచి కారతాయి, రాగి కలిసే ప్రమాదం ఉంది. రాగి కొంచెం ఉన్నా ష్రింపులు మిగలవు.

కొత్తగా_పెంచుతున్నా
సరే. ఇంకో డౌటు, స్కార్లెట్ బాడిస్ చేపని తెచ్చి నాలుగు రోజులైంది, గింజల మేత ముట్టట్లేదు.

తీరంపిల్ల
దానికి కదిలే మేతే కావాలి. ఆర్టీమియా (ఉప్పునీటి బుల్లి రొయ్యల్లాంటివి) గుడ్లు ఉప్పునీళ్లలో పొదిగించి, పిల్లల్ని వడగట్టి వెయ్యి. నేనైతే డాబా మీద బకెట్లో పట్టిన దోమ లార్వాల్లో చిన్నవి ఏరి వేస్తా. ఆ బకెట్‌ మీద గుడ్డ కట్టడం మర్చిపోతే వీధంతా తిడతారు.

నాచుపిచ్చోడు
పది రోజుల తర్వాత: టీడీఎస్ 520, వేడి 29. ఒక ష్రింపు పొట్ట కింద పచ్చటి గుడ్లు కనిపించాయి. చెప్పు ముక్క కూడా బాగా పనిచేసింది. ఇప్పుడు ఫ్యాను మోతకి నిద్ర పట్టట్లేదు.