గేర్ ఆయిల్ పుల్ల: ఇంజన్ ఆపి చూడాలా, ఆడుతుండగా చూడాలా?

బురుజు_300డి (కర్నూలు)
బండి మెర్సిడెస్ డబ్ల్యూ123, 300డి, 1982 మోడల్. 722.3 ఆటోమేటిక్ గేర్‌బాక్సు. డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల)తో గేర్ ఆయిల్ లెవెల్ ఎట్లా చూడాలని అడిగితే ముగ్గురు మూడు మాటలు చెబుతున్నారు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు, ఇంజన్ ఆపి చూడమని ఒకరు. బండి తోలుకొచ్చి, ఆపిన నిమిషానికి చూడమని ఇంకొకరు. ఇంజన్ ఆడుతుండగానే న్యూట్రల్‌లో పెట్టి చూడమని మూడో ఆయన. చల్ల ఇంజన్ స్టార్ట్ చేసి చూస్తే మాత్రం ఆయిల్ మినిమమ్ గీతకు కిందే ఉంటోంది. పోయాలా?

పెన్నా_షెడ్డు (కడప)
పోయొద్దు సామీ. ఆ పుల్ల మీది రెండు గీతలూ ఆయిల్ 80 డిగ్రీల వేడిలో ఉన్నప్పటి లెక్క. బండి సమంగా ఉన్న నేల మీద, లివర్ 'పి' (పార్కు)లో, ఇంజన్ స్లోలో ఆడుతూ ఉండాలి. మీ గేర్‌బాక్సుకు ఇదొక్కటే పద్ధతి.

ఇంజన్ ఆగితే పంపు ఆగుతుంది. కన్వర్టర్లో (ఇంజన్ తిప్పుడును ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించేది), కూలర్ పైపుల్లో ఉన్న ఆయిల్ మెల్లగా చాంబర్‌లోకి, అంటే గేర్‌బాక్సు అడుగు తొట్టిలోకి దిగుతుంది. వారం రోజులు కదలని బండికి ఇంజన్ ఆపి పుల్ల తీస్తే మాక్సిమమ్ దాటి ఎక్కడో తడి కనిపిస్తుంది. అది చూసి "ఎక్కువైంది" అని లీటరు దించేసేవాళ్లు ఉన్నారు. తర్వాత డి (డ్రైవ్) వేస్తే బండి రెండు మూడు సెకన్లు ఆలోచించి కదులుతుంది, గేర్లు జారతాయి.

ఆ "ఆపిన నిమిషానికి" అనే మాట హోండాల నుంచి వచ్చింది. పుల్ల ఉన్న హోండా ఆటోమేటిక్‌లకు ఇంజన్ ఆపి 60 నుంచి 90 సెకన్లలోపు చూడమనే కంపెనీ చెబుతుంది. షెడ్డుకు ఎక్కువగా వచ్చేవి అవే కాబట్టి అదే అలవాటును బెంజికీ అంటగడుతున్నారు.

మోపార్_పిచ్చి (కర్నూలు)
మూడో ఆయన్ను కొట్టిపారేయకండి. ఆయన బహుశా పాత డాడ్జ్, ప్లిమత్ చూసిన మనిషి. క్రైస్లర్ టార్క్‌ఫ్లైట్ 727, 904 గేరు పెట్టెల్లో లివర్ పార్కులో ఉంటే కన్వర్టర్‌కు ఆయిల్ అందదు. పార్కులో చూస్తే లెవెల్ దొంగలెక్క చూపిస్తుంది. వాటికి న్యూట్రలే, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, టైర్లకు రాళ్లు పెట్టి. నెలలు నిలబడిన టార్క్‌ఫ్లైట్‌ను స్టార్ట్ చేశాక కూడా కొన్ని సెకన్లు న్యూట్రల్‌లో ఆడించాకే గేరు వేయాలి. ఆయన మాట నిజమే, బండి వేరు.

గుత్తికోట (అనంతపురం)
పి, ఎన్ (న్యూట్రల్) గొడవ తేలింది గానీ, 80 డిగ్రీల మాట నాకు ఒప్పుదల కాదప్పా. ప్రతిసారీ ఇరవై కిలోమీటర్లు తోలి, చేతులు కాల్చుకుని చూడాల్నా? చల్లటి లెక్కా ఉంది కదా: ఆయిల్ 20–30 డిగ్రీల్లో ఉంటే మినిమమ్ గీతకు ఒక సెంటీమీటరు కిందుండాల. బురుజు అన్నకు అట్లే కనిపిస్తాంది. అంటే సరిగ్గానే ఉన్నట్టు.

పెన్నా_షెడ్డు (కడప)
లెక్క నిజమే. మన జిల్లాల్లో ఆయిల్ 25 డిగ్రీలుండేది ఎప్పుడు? డిసెంబరు, జనవరి తెల్లవారుజామున. మే నెలలో రేకుల షెడ్డు కింద నిలబెట్టిన బండిలో ఆయిల్ ఇంజన్ ఆడకుండానే 40 దాటుతుంది. అది 25 లెక్కా కాదు, 80 లెక్కా కాదు.

కొంచెం లెక్క వేద్దాం. ఈ ఆయిల్ డిగ్రీకి లీటరుకు ముప్పావు మిల్లీలీటరు దాకా ఉబ్బుతుంది. పెట్టెలో మొత్తం ఆరు లీటర్లు అనుకుంటే 25 నుంచి 80కి పోయేసరికి పావు లీటరు పెరుగుతుంది. మినిమమ్‌కూ మాక్సిమమ్‌కూ మధ్య ఉండేది 0.3 లీటరే. చల్లగా ఉన్నప్పుడు మాక్సిమమ్ దాకా నింపితే, వేడెక్కాక పావు లీటరు ఎక్కువ. అప్పుడు తిరిగే గేర్లు ఆయిల్‌ను చిలుకుతాయి, నురుగు వస్తుంది, నురుగుకు ప్రెషర్ నిలవదు. క్లచ్ ప్లేట్లు జారి మాడతాయి. బ్రీదర్ (గాలి పోయే గొట్టం) నుంచి పొంగి సైలెన్సర్ పైపు మీద పడిందంటే పొగతో ఆగకపోవచ్చు. తక్కువైనా నురుగే, పంపు గాలి పీలుస్తుంది కాబట్టి. ఎక్కువైన నురుగునూ "ఆయిల్ తక్కువ" అనుకుని ఇంకా పోస్తారు, అదీ అసలు ప్రమాదం.

గుత్తికోట (అనంతపురం)
సరే, పోసేదానికి వేడి లెక్కే అని ఒప్పుకుంటా. కానీ ఊరికి బయలుదేరే ముందు ఆయిల్ ఉందా లేదా అని తెలుసుకునేందుకు చల్ల లెక్క చాలు, దాన్ని ఎత్తేయొద్దు. సెంటీమీటరుకు ఇంకా కిందకు జారిందంటే లీకు వెతకల్ల.

బురుజు_300డి (కర్నూలు)
ఆయిల్ 80కి వచ్చిందని ఎట్లా తెలుస్తుంది?

పెన్నా_షెడ్డు (కడప)
నిలబెట్టి ఆడిస్తే రాదు. టెంపరేచర్ ముల్లు పైకి వచ్చినంత మాత్రాన గేర్ ఆయిల్ వేడెక్కినట్టు కాదు. కర్నూలు నుంచి ఓర్వకల్లు దాకా పోయి రండి, సరిపోతుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుంటే కింది నుంచి చాంబర్ మీద కొట్టండి, సైలెన్సర్ పైపు పక్కన కాదు. అది లేకపోతే, పుల్ల కొనను వేళ్లతో పట్టుకుని ఉండలేనంత వేడి ఉంటే దగ్గరికి వచ్చినట్టే. ఘాట్ ఎక్కి వచ్చిన వెంటనే చూడొద్దు. గువ్వలచెరువు ఎక్కాక ఆయిల్ 80 దాటి ఉంటుంది, లెవెల్ ఎక్కువ చూపిస్తుంది. అరగంట ఆగి, మళ్లీ స్టార్ట్ చేసి చూడండి.

బ్రేకు తొక్కి పెట్టి లివర్‌ను అన్ని గేర్లలోకీ ఒక్కోసారి మార్చి, ఒక్కోచోట రెండు మూడు సెకన్లు ఆపి, చివరికి పి. ఒకటి రెండు నిమిషాలు ఆడనివ్వండి. పుల్ల మీది లాక్ ఎత్తి తీయండి, తుడిచి చివరిదాకా దించి మళ్లీ తీయండి. నూలు వేస్టుతో తుడవొద్దు, ఒక్క పోగు వాల్వ్ బాడీలో (ఆయిల్ ప్రెషర్‌తో గేర్లు మార్చే భాగం) ఇరుక్కున్నా గేరు మారడం తేడా వస్తుంది. పాత లెదర్ ముక్కో, పోగులు రాలని గుడ్డో వాడండి. పుల్లకు రెండు వైపులా చూసి, తక్కువ చూపించే వైపు నమ్మండి. రెండోది గొట్టం గోడ తడి.

నిజంగా తక్కువుంటే సన్న గరాటుతో 100 మిల్లీలీటర్ల చొప్పునే పోయాలి. డెక్స్‌రాన్-2 లేదా 3 రకం గేర్ ఆయిల్.

మోపార్_పిచ్చి (కర్నూలు)
ఆ చివరి మాట అన్ని బండ్లకూ కాదు. 1977కు ముందు ఫోర్డ్ సి4, సి6 పెట్టెలకు టైప్-ఎఫ్ ఆయిల్ పోయాలి. అందులో జారుడు మందు ఉండదు, క్లచ్ గట్టిగా పట్టేలా ఆ పెట్టెలను చేశారు. డెక్స్‌రాన్ పోస్తే గేరు మెత్తగా పడుతుంది, బాగుందనుకుంటారు. అది జారడం.

గుత్తికోట (అనంతపురం)
ఇంకొకటి అన్నా. కింద చుక్క లేకుండా ఆయిల్ తగ్గుతాంటే మాడ్యులేటర్ చూడండి. గేర్‌బాక్సు పక్కనున్న ఆ చిన్న డబ్బా వాక్యూమ్ గొట్టం పీకి, లోపల ఎర్ర తడి ఉంటే డయాఫ్రం (డబ్బా లోపలి పలుచని పొర) చినిగినట్టు. పెట్రోలు బండైతే సైలెన్సర్లో తెల్ల పొగ వస్తుంది. మీది డీజిల్ కాబట్టి పొగ రాకుండానే వాక్యూమ్ పంపు ద్వారా ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఇంజన్ ఆయిల్ పెరుగుతాందంటే సంతోషపడొద్దు.

రంగు కూడా చూడండి. నల్లబడి మాడు వాసనొస్తే ప్లేట్లు పోయినట్టే. పాలు కలిపిన స్ట్రాబెర్రీ మాదిరి ఉంటే రేడియేటర్లోని కూలర్ పగిలి నీళ్లు చేరినట్టు, బండిని అడుగు కదపొద్దు. మా పక్క ఉప్పు బోరు నీళ్లు రేడియేటర్లో పోసేవాళ్లకు ఇది వస్తుంది. కూలెంట్ కలిపేదానికి డిస్టిల్డ్ వాటరే కొనండి.

బురుజు_300డి (కర్నూలు)
ఓర్వకల్లు పోయొచ్చాక, పి లో, ఇంజన్ ఆడుతుండగా చూశాను. రెండు గీతలకూ సరిగ్గా నడుమ ఉంది. వాక్యూమ్ గొట్టం పొడిగానే ఉంది. రంగు మాత్రం ఎరుపు పోయి గోధుమకు తిరిగింది, మాడు వాసన లేదు.

పెన్నా_షెడ్డు (కడప)
అయితే పోసేది లేదు, మార్చండి. చాంబర్ బోల్టుతో పాటు కన్వర్టర్ డ్రెయిన్ బోల్టు కూడా విప్పాలి, రెండింటికీ 5 ఎం.ఎం. అలెన్ కీ. ఒకటే విప్పితే పాతది సగం లోపలే ఉండిపోతుంది. ఫిల్టరు, చాంబర్ ప్యాకింగు కొత్తవి. చాంబర్ బోల్టులకు 8 న్యూటన్ మీటర్లు, డ్రెయిన్ బోల్టులకు 14, అంతకు మించి బిగించొద్దు. ముందు నాలుగు లీటర్లు పోసి స్టార్ట్ చేయండి, మిగతాది ఇంజన్ ఆడుతుండగా కొంచెం కొంచెంగా.