‘మీడియం’ ఫైట్‌లో విజార్డ్ పోయింది. తప్పు నాదా, పట్టికదా?

గడపదాటని_డీఎం

మాది డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలు వేస్తూ కథలా ఆడే ఆట) ఐదో ఎడిషన్, 2014 పుస్తకాలు. నేను డీఎం, అంటే ఆట నడిపేవాణ్ని. నలుగురు ప్లేయర్లు, అందరూ మూడో లెవెల్. శనివారం రాత్రి మా ఇంట్లో మూడు గంటల ఆట.

పోయిన నెల వీళ్ల మీదికి ఒక ఓగర్‌ని, అంటే బండ రాక్షసుణ్ని, వదిలాను. 59 హెచ్‌పీ (ప్రాణం పాయింట్లు), దెబ్బకు సగటున 13 డ్యామేజ్. కాస్త వణుకుతారనుకున్నా. రెండో రౌండ్ అయ్యేసరికి అది నేల మీద ఉంది, దాని దుడ్డుకర్ర తగిలింది ఒక్కసారే. దాంతో మొన్న శనివారం పాడుబడిన గుడి మెట్ల కింద నాలుగు షాడోలను, అంటే నీడ దెయ్యాలను, పెట్టాను. ఫైట్ ఎంత కష్టమో చెప్పే పట్టిక పుస్తకంలో ఉంది, అది చూసే పెట్టాను. ఒక్కోటి 100 ఎక్స్‌పీ (ఓడిస్తే వచ్చే పాయింట్లు), నాలుగుంటే గుంపుకి రెండింతలు, మొత్తం 800. మూడో లెవెల్ నలుగురికి మీడియం 600, హార్డ్ 900, డెడ్లీ 1600. అంటే ఇది మీడియమే.

షాడో దెబ్బ తగిలితే డ్యామేజ్‌తో పాటు 1డీ4 (నాలుగు ముఖాల పాచిక ఒకటి) వేసి పడినంత స్ట్రెంగ్త్ కూడా పోతుంది. విజార్డ్ స్ట్రెంగ్త్ 8. మొదటి రౌండ్‌లోనే రెండు తగిలాయి. బజ్జీల ప్లేటు పక్కన డీ4 వేశా, 4. మళ్లీ వేశా, మళ్లీ 4. ఆ అమ్మాయి 20 హెచ్‌పీలో ఇంకా 6 మిగిలే ఉంది. కానీ స్ట్రెంగ్త్ సున్నా అయితే డెత్ సేవ్‌లు (చావు తప్పించుకోవడానికి వేసే పాచికలు) ఉండవు, నేరుగా చావే. డైస్ అందరి ముందూ వేశాను కాబట్టి మార్చడానికీ లేదు. ఆ తర్వాత ఎవరూ బజ్జీ ముట్టుకోలేదు.

పార్టీ బలాన్ని తూచి రాక్షసుల్ని పెట్టాలా, లేక లోకం దాని మానాన అది ఉంటే ప్లేయర్లే చూసుకోవాలా? నాకు నిద్ర పట్టట్లేదు, తిట్టినా సరే చెప్పండి.

పులిహోర_పాలడిన్

అన్నా, డీఎం అడ్డుపెట్టుకునే స్క్రీన్ వెనక డైస్ వేసి రెండోసారి 2 అని చెప్పేస్తే ఎవరి సొమ్ము పోయేది? వారమంతా ఆఫీసులో తిట్లు తిని శనివారం కోసం కాచుకుని కూర్చుంటారు. నెలల తరబడి పెంచుకున్న క్యారెక్టర్‌ని మొదటి రౌండ్‌లో ఒక డీ4 మింగేస్తే అది ఆటా?

నేనైతే మధ్యలో సర్దుతా, దాచేదేం లేదు. ఓగర్‌కి 59 అన్నది సగటు మాత్రమే. పుస్తకంలోనే 7డీ10+21 (పది ముఖాల పాచికలు ఏడు వేసి 21 కలపడం) అని ఉంది, అంటే 28 నుంచి 91 దాకా ఏదైనా కావచ్చు. మరీ తేలిపోతుంటే 80 అనుకుంటా, మరీ ముదిరితే 40 అనుకుంటా.

మూడో_పాచిక

ఫైట్ మొదలు కాకముందు 80 అనుకోండి, ఎవరూ కాదనరు. సగంలో పెంచితే మాత్రం మోసమే. రమ్మీలో చుట్టం ఓడిపోతున్నాడని ముక్క మార్చి ఇస్తామా? ఇచ్చాక ఆయన గెలిస్తే, ఆ గెలుపు ఆయనదా మనదా?

పోయిన నెల ఓగర్‌ని రెండు రౌండ్లలో పడగొట్టి మీవాళ్లు సంబరపడే ఉంటారు. మీరు డైస్ మారుస్తారని ఒక్కసారి తెలిస్తే ఆ సంబరం కూడా వెనక్కి పోతుంది. అందరి ముందూ వేయడమే మీరు చేసిన మంచి పని.

కందిరీగ

డైస్ మార్చాలా వద్దా అన్న గొడవ ఎప్పుడూ తెగదు. ఇక్కడ అసలు చిక్కు వేరే ఉంది. పట్టిక ఎక్స్‌పీని కొలుస్తుంది, రాక్షసుడు ఏ దారిలో చంపుతాడో కొలవదు.

ఓగర్ ఒక్కటే. దానికి రౌండ్‌కి ఒక దెబ్బ, మీ వాళ్లకి నాలుగు టర్న్‌లు. చలిచీమల చేతిలో పాము చచ్చినట్టు చచ్చింది. అందుకే పెద్ద ఎర్ర డ్రాగన్‌కి వేరే వాళ్ల టర్న్‌లలో వాడుకోవడానికి మూడు లెజెండరీ యాక్షన్లు, స్పెల్ తప్పించుకోవడానికి రోజుకు మూడు లెజెండరీ రెసిస్టెన్స్‌లు ఇచ్చారు. అవి లేకుండా ఏ రాక్షసుణ్ని ఒంటరిగా నిలబెట్టినా, ఎంత సీఆర్ (రాక్షసుడి కష్టం స్థాయి) ఉన్నా, గోడకు కట్టేసిన దున్నపోతే.

ఇక షాడోలది రెండో రకం చిక్కు. హెచ్‌పీని పక్కన పెట్టి ఇంకో తలుపు గుండా వస్తాయి. స్ట్రెంగ్త్ 16 ఉన్న ఫైటర్‌కి అవి చికాకు, 8 ఉన్న విజార్డ్‌కి ఉరితాడు. ఒకే ఫైట్ ఒకరికి ఈజీ, పక్కన కూర్చున్నావిడకి డెడ్లీ. ఆ తేడా ఏ పట్టికలోనూ కనబడదు. 2024 పుస్తకంలో గుంపు గుణకం తీసేశారు కదా, మీ పాత షాడోలనే కొత్త పట్టికలో పెట్టి చూడండి. నాలుగూ కలిపి 400. మూడో లెవెల్ నలుగురికి ‘లో’ బడ్జెట్టే 600. అంటే మీ విజార్డ్‌ని చంపిన ఫైట్ కొత్త లెక్కలో అసలు లెక్కలోకే రాదు!

ఇంకొకటి. 2014 పుస్తకం రోజుకి ఆరు నుంచి ఎనిమిది మీడియం, హార్డ్ ఫైట్లు తట్టుకుంటారని చెప్పింది. మూడు గంటల సెషన్‌లో ఎవరికి కుదురుతుంది? ఒక్క ఫైట్, తర్వాత లాంగ్ రెస్ట్, అంటే శక్తులు తిరిగొచ్చే పెద్ద విశ్రాంతి. స్పెల్ స్లాట్‌లన్నీ (మంత్రాల కోటా) దాని మీదే గుమ్మరిస్తారు కాబట్టి అది తేలిపోతుంది. తేలిపోతోందని మీరు బరువు పెంచుతారు. అలా పెంచుతూ పోతే ఏదో ఒక శనివారం ఇదిగో, ఇలా అవుతుంది.

ఇనప్పెట్టె_తాత

ఈ తూకం పిచ్చి మొదట్లో లేదు నాయనా. నేనిప్పటికీ 1981 నాటి బేసిక్ రూల్స్‌తోనే ఆడిస్తాను. అందులో ఎదురైన ప్రతి జీవీ మీద పడి కొట్టదు. ముందు 2డీ6 (ఆరు ముఖాల పాచికలు రెండు) వేసి దాని మూడ్ చూస్తాం. ఫైట్ ముదిరితే మొరేల్ రోల్ (ధైర్యం నిలుస్తుందా అని వేసే పాచిక) ఉంటుంది, సగం గోబ్లిన్లు పారిపోతాయి. ఎక్స్‌పీ ఎక్కువ భాగం బంగారం తెచ్చినందుకు వస్తుంది, ఒక నాణేనికి ఒక పాయింట్. కాబట్టి కొట్టకుండా తప్పుకున్నవాడే తెలివైనవాడు.

రాక్షసుడు ఎంత పెద్దవాడైనా ఫర్వాలేదు, పరిగెత్తే దారి ఉంటే చాలు. మీ పిల్లలు ఎందుకు పరిగెత్తలేదు?

కందిరీగ

తాతగారూ, పరిగెత్తి ఎక్కడికి పోతారు? షాడో వేగం 40 అడుగులు, మామూలు మనిషిది 30. వెనక్కి తిరగగానే ముందు ఒక ఆపర్చ్యునిటీ అటాక్ ఉచితం.

ఇనప్పెట్టె_తాత

అదే నేననేది. మా పుస్తకంలో తరిమేటప్పుడు తిండి పారేస్తే తెలివిలేని జంతువు ఆగొచ్చు, డబ్బు పారేస్తే తెలివైనవాడు ఆగొచ్చు. మీ పుస్తకం తలుపులు మూసేసి ‘తూకం సరిపోయిందా’ అని అడుగుతోంది. షాడో ముందు అన్నం మూట పారేస్తే ఆగుతుందా అంటే, ఆగదనుకోండి. అది నేనూ ఒప్పుకుంటా.

రెండో_మెట్టు

పాత్‌ఫైండర్ అని ఇలాంటిదే ఇంకో ఆట ఉంది, దాని రెండో ఎడిషన్‌కి వచ్చేయండి, ఈ ఏడుపు ఉండదు. అందులో ఎక్స్‌పీ లెక్కన నలుగురికి మోడరేట్ 80, సివియర్ 120, ఎక్స్‌ట్రీమ్ 160. పార్టీ కన్నా రెండు లెవెల్స్ పైనున్న జీవి ఒక్కటే 80, నాలుగు పైనుంటే 160. ఆ అంకె ఎంత భయపెడితే ఫైట్ కూడా అంతే భయపెడుతుంది.

పులిహోర_పాలడిన్

ఆడాను బ్రదర్. మూడు లెవెల్స్ పైనున్న బాస్ వస్తే లెక్క నిజంగానే సరిపోయింది. అయితే నేను వేసిన నాలుగు దెబ్బల్లో మూడు గాల్లోకి పోయాయి. దానికేమో తగలడానికి కావలసినదానికన్నా పది ఎక్కువ పడితే క్రిటికల్ (రెండింతల దెబ్బ), ప్రతి రెండో దెబ్బా క్రిటికలే. తూకం బాగానే ఉంది, నేనే తక్కెడలో రాయిలా కూర్చున్నా.

పొట్టి_విజార్డ్

ఆ పోయిన విజార్డ్ నాదే. ఈ లింక్ నాకెవరో పంపారు.

డీఎం అన్నా, ముందు నిద్రపో. నేను చచ్చినందుకు కోపం లేదు. డీ4 మార్చి ఉంటే మాత్రం ఉండేది, ఎందుకంటే అబద్ధం చెప్పేటప్పుడు నువ్వు కళ్లజోడు తీసి తుడుస్తావు, మా అందరికీ తెలుసు.

నాకు కోపం వేరే దాని మీద. నల్లటి నీడలు కదులుతున్నాయి అన్నావు, అంతే. అవి లాగేది రక్తం కాదు, బలం అని నాకెలా తెలియాలి? మెట్ల దగ్గర ఒక కమ్మరి శవం పెట్టాల్సింది. ఒంటి మీద గాయం లేదు, చేతులు మాత్రం ఎండిన పుల్లల్లా ఉన్నాయి, సుత్తి ఎత్తలేక పక్కనే పడేశాడు అని ఒక్క మాట. ఫైటర్‌ని ముందు పెట్టి నేను పై మెట్టు మీద ఆగేదాన్ని. క్లెరిక్ (మా పార్టీలో పూజారి) రేడియంట్ స్పెల్ (కాంతి మంత్రం) దాచుకునేవాడు, అది వాటికి రెండింతలు తగులుతుంది. నాలుగు కాదు, ఆరు పెట్టినా ఒప్పుకునేదాన్ని. తెలిసి దిగి చస్తే అది నా తప్పు, తెలియకుండా చస్తే నీది. తాతగారు చెప్పే పారిపోయే దారి కూడా ముందు తెలిస్తేనే కదా పనికొచ్చేది.

కొత్త క్యారెక్టర్ రాసుకోమన్నావు, ఇంకా రాయలేదు. పుస్తకం తిరగేశా. షాడో చంపిన మనిషి చెడ్డవాడు కాకపోతే 1డీ4 గంటల తర్వాత ఆ శవం నుంచి ఇంకో షాడో లేస్తుందట. నా విజార్డ్ మంచిదే. మీరంతా ఆ మెట్ల పక్కనే లాంగ్ రెస్ట్ తీసుకుంటామన్నారు, అది ఎనిమిది గంటలు.

వచ్చే శనివారం దాన్ని నేనే ఆడిస్తా. డైస్ అందరి ముందే.

గడపదాటని_డీఎం

క్లెరిక్‌కి ఈ లింక్ పంపకు.