అప్‌డేట్: మా తమ్ముడి కాళ్ల తిమ్మిర్లు, హెక్సేన్ సంగతి

పైడిభీమవరంలో హెక్సేన్ (ఫ్యాక్టరీల్లో ద్రావకంగా వాడే రసాయనం) డ్రమ్ముల దగ్గర పనిచేసే మా తమ్ముడికి అరికాళ్లు మొద్దుబారుతున్నాయి, షుగరేనా అని అడిగాను కదా. షుగర్ కాదు, బీ12 కూడా బాగానే ఉంది. శ్రీకాకుళంలో న్యూరాలజిస్టు 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు బొటనవేలి మీద పెడితే వాడికి అదురే తెలియలేదు, మడమ వెనక సుత్తితో కొడితే పాదం కదల్లేదు. నెర్వ్ కండక్షన్ టెస్టులో రెండు కాళ్లలోనూ సిగ్నల్ నెమ్మదిగా వెళ్తోందని తేలింది. హెక్సేన్ ఒంట్లో 2,5-హెక్సేన్‌డయోన్‌గా మారి పొడవాటి నరాల చివర్లను ముందు దెబ్బతీస్తుందట, అందుకే చేతులకంటే కాళ్లు ముందు. మూత్రంలో దాన్ని చూడాలంటే డ్యూటీ దిగగానే పరీక్ష చేయించాలి, మేమేమో సెలవు పెట్టించి పది రోజులకు వెళ్లాం! పని మానేసినా కొన్ని నెలలు ముదిరి ఆ తర్వాతే తగ్గొచ్చన్నారు, అమ్మకి ఈ మాట ఇంకా చెప్పలేదు. సూపర్‌వైజరు మాత్రం చెప్పులు మార్చి చూడమంటున్నాడు.